కడిగిన మోదుగాకు

పిల్లలకు ఫోన్లతో ప్రకృతి పాఠం చెప్పమన్నప్పటి నుంచి నాకు ప్రతి వీడియో మీదా అనుమానమే. ఏది సొంతంగా తీశారో, ఏది నెట్‌లోంచి లాగారో ఎట్లా తెలుస్తుంది? భూపాలపల్లి దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలను 'మన ఊరి చెట్టు' మీద ఫోన్‌లో నిమిషం వీడియో కథ తీసుకురమ్మన్నాను. ఇట్లా ఉండాలని ముందుగా ఒక మోదుగ చెట్టు వీడియో తెర మీద వేసి చూపించాను.

తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి కూడా మోదుగనే తీసింది. అందులో ఆకు తళతళలాడుతోంది. వానలు ఆగాక మా రోడ్డు పక్క చెట్లన్నిటి మీదా లారీల దుమ్ము అట్ట కట్టి ఉంటుంది. దొరికిపోయిందనుకున్నాను.

"ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసినవ్? నిజం చెప్పు," అని అందరి ముందూ గద్దించాను.

"నేనే తీసిన సార్. ఆకును కడిగి తీసిన."

"కడుగుడేంది?"

"ఫోటో దిగేటప్పుడు మొకం కడుక్కోమంటరు గద సార్."

అయినా నమ్మలేదు. వీడియో మళ్లీ వేసి, కళ్లు చిట్లించి చూశాను. పక్క ఆకులన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి. ఆ ఒక్క ఆకు కొసన నీటిబొట్టు వేలాడుతోంది.

అది చూసి తరగతంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

"మరి మీరు చూపించిన మోదుగ చెట్టు ఏడుంది సార్? జర చెప్పుండ్రి, పోయి చూసొస్తం."

ఆ వీడియోను నేను నెట్‌లోంచే లాగాను. అది ఏ ఊరి చెట్టో నాకూ తెలియదు.