ఆపా చెప్పిన నాటకం

పెళ్లయి గోదావరి జిల్లా నుంచి వచ్చిన కొత్తలో వన్ టౌన్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. మా ఆయనది పోర్టులో ఉద్యోగం. పై వాటాలో ఇంటివాళ్లు. ఇంటాయనకు వీధి చివర అత్తరు దుకాణం. ఆయన భార్యను వాళ్ల భాషలో ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. ఆ సందులో మొదటి టీవీ వాళ్లదే.

ఎనభైల్లో మాకు అందేవి ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాలే. నాకు హిందీ ముక్క రాదు, ఆపాయే తెలుగులో చెప్పేది. ఒక ఆదివారం మధ్యాహ్నం పైకెళ్లి కూర్చుంటే ఒక నాటకం వేశారు. అందులో ఏమీ జరగదు. భర్త పేపరు చదువుతుంటాడు, భార్య చేటలో బియ్యం ఏరుతుంటుంది. చాలాసేపటికి ఆమె కిటికీ వైపు తిరిగి ఏదో అంది. అంత నెమ్మదైన నాటకం నన్నెందుకు కట్టిపడేసిందో తెలియలేదు.

"ఏమంటోంది ఆపా?" అన్నాను.

"ఈ ఇంట్లో నా మాట గోడలకి తప్ప ఎవరికీ ఇనబడదు, అంతంది."

మా పక్కనే కుర్చీలో ఉన్న ఆపా భర్త లేచి, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తర్వాత మా ఆయనకు స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. టౌన్‌షిప్‌లో ఇరుగుపొరుగంతా ఉత్తరాదివాళ్లు. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ హిందీ వచ్చేసింది. ఒకరోజు అదే నాటకం మళ్లీ వేశారు. ఆశగా కూర్చున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. "వాన వచ్చేలా ఉంది, బట్టలు తీయాలి," అంది. అంతే.

నేనే పొరబడ్డానా? ఇది వేరే నాటకమా? అదే భర్త, అదే చేట, అదే కిటికీ.

ఉండబట్టలేక మా ఆయన్ని వెంటబెట్టుకుని వన్ టౌన్ వెళ్లాను. ఆయన్ని కింద సందులో ఆగమని మెట్లెక్కాను.

నాటకంలో ఈసారి విన్న మాట చెప్పాను. ఆపా నవ్వలేదు. "నాను అబద్ధం సెప్పలేదు సెల్లీ. ఆవిడ మొకం సూసేవా? అది బట్టల గురించి మాటాడే మొకమేనా?"

టీ గ్లాసులు తెచ్చింది ఆమె భర్త. "నాకు ఆ రోజు బట్టలనే ఇనబడిందమ్మా," అన్నాడు. "ఈవిడ సెప్పేక మరి కూకోలేకపోయేను." ఒక గ్లాసు ఆమె చేతికిచ్చి పక్కనే కూర్చున్నాడు.

ఇన్నేళ్లూ నాకు నచ్చింది టీవీలో వేసిన నాటకమో, ఆపా చెప్పిన నాటకమో అంతుపట్టలేదు. బస్సులో మా ఆయన, "ఇంతకీ ఏం తేలింది?" అని అడిగాడు. నేను కిటికీ పక్క సీటు అడిగి తీసుకుని, అటు తిరిగి కూర్చున్నాను.