మూడు కొమ్ముల మాట

మొన్న దోర్నాలలో యర్రగొండపాలెం బస్సు కోసం కూర్చున్నాను. శ్రీశైలం పోయే జనంతో రోడ్డు పక్క హోటళ్ళన్నీ కిటకిటలాడుతున్నాయి. ఎండకు నోరు పిడచగట్టుకుపోతుంటే పక్క అంగడిలో మామిడి రసం డబ్బా ఒకటి కొన్నాను. అట్టతో చేసిన డబ్బా. పైన వేలు పట్టేంత రంధ్రం, దాని మీద వెండి రంగు రేకు, ఆ రేకును పట్టుకుని లాగడానికి చింతగింజలో సగం కూడా లేని తోక. పట్టుకుంటే జారింది. కొంగుతో పట్టుకుని లాగితే తోక తెగి చేతికొచ్చింది, రేకు మాత్రం కదల్లేదు. చివరికి పంటితో కొరికితే రసం చిమ్మి మెడ మీదా జాకెట్టు మీదా పడింది. మామిడి తీపి వాసన వెనకే, రేకును అతికించిన జిగురు మాడు వాసన సన్నగా ముక్కుకు తగిలింది. డబ్బా తిప్పి చూశాను. "సులువుగా తెరవండి" అని పచ్చటి అక్షరాలతో అచ్చేసి ఉంది.

"అందరూ కొరికేదే పెద్దమ్మా," అన్నాడు అంగడాయన, నా చీర చూసి నవ్వుతూ. "నీకింకా పండ్లుండాయి, నయమే."

పండ్లు ఉన్నాయి. ఒళ్ళు కూడా మండింది. చదువుకున్నవాళ్ళలో కొందరికి ఒక జబ్బు ఉంటుంది: మాట అచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ మాట డబ్బా మీదికి ఎట్లా ఎక్కుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి నా వేలు పెట్టే ఎక్కించారు. ఆ జిగురు వాసనతో రామసుబ్బయ్య సారు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నట్టయింది.

నేను పలకల మనిషిని. మార్కాపురంలో పలకలు రుద్ది రుద్ది పెద్దదాన్నయ్యాను. రాతిని నీళ్ళలో తడుపుతూ రుద్దితే రాయి నున్నన అవుతుంది, దాంతోపాటు వేళ్ళూ నున్నన అవుతాయి. గోళ్ళు సగానికి అరిగిపోతాయి. నా బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దితే గీతలు పడవు, నల్లటి మరక పడుతుంది, అంతే. ఎక్కడెక్కడి పిల్లలో దిద్దుకున్న పలకలు నా చేతుల మీదుగా పోయాయి గానీ నాకు 'అ' రాదు. దాని గురించి ఏడ్చిందీ లేదు, మా బల్ల దగ్గర ఎవరికీ రాదు. పలకలు అడిగేవాళ్ళు తగ్గి మా ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఊరి బయట కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ మజ్జిగా పండ్లరసాలూ అట్టడబ్బాల్లో నింపి సీలు వేసి పంపేవారు. ఆ సీలు ఎట్లా ఉండాలో ఆలోచించి, గీసి, కత్తిరించి చూసే మనిషి రామసుబ్బయ్య సారు. గిద్దలూరు ఆయనది. వాళ్ళ నాయనకు బజారులో గోలీసోడా అంగడి ఉండేది. సారు నాకన్నా పదేళ్ళు చిన్న. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఈయనకు చిన్న కత్తెర ఉండేది.

చేరిన వారానికి, ఊడుస్తున్నదాన్ని పిలిచి, బల్ల మీద మజ్జిగ డబ్బా ఒకటి పెట్టారు.

"ఓబులక్కా, ఇది తెరువు."

"నేనెందుకు సారూ? చినిగితే నా మీద పడతది."

"చినిగితే నా మీద పడతది. నువ్వు తెరువు."

లాగాను, జారింది. గోరు పెడదామంటే గోరేదీ? పంటితో కొరికాను. మజ్జిగ పోయి సారు చొక్కా మీద పడింది. మెషిన్ల దగ్గరున్నవాళ్ళు పగలబడి నవ్వారు. "డబ్బా తెరవమంటే ఓబులక్క ఎముక కొరికినట్టు కొరికిందిరా," అన్నాడొకడు. సారు చొక్కా తుడుచుకోలేదు. "నవ్వమాకండి," అన్నారు. "ఆమె కొరకలా. మనం కొరికించినాం." తర్వాత నా రెండు చేతులూ బల్ల మీద పెట్టించుకుని, పంతులు పలక చూసినట్టు తిప్పి తిప్పి చూశారు. నా చేతులను అంతసేపు చూసినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నాకు సిగ్గేసింది. "ఈ చేతులు నాకు రోజూ ఒక గంట కావాల," అన్నారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక నాకు చీపురు పని లేదు, డబ్బాలు తెరవడమే పని. తడి చేత్తో ఒకటి, నూనె చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి, కళ్ళు మూసుకుని ఒకటి. లాగే తోకను మేము నాలుక అనేవాళ్ళం. సారు కత్తెరతో నాలుకలు కత్తిరిస్తూ పక్కనే కూర్చునేవారు. అది చూసినంత చిన్న పని కాదు. జిగురు గట్టిగా పడితే రేకు రాదు. మెత్తగా పడితే ఘాట్ రోడ్డు మీద లారీ కుదుపులకు కారిపోతుంది. "లారీలో కారకూడదు, చేతిలో ఏడిపించకూడదు," అని పాటలాగా అనుకునేవారు. రంధ్రం గుండ్రంగా ఉంటే పానీయం గుడగుడమని ఆగి ఆగి, ఒక్కసారిగా మీద పడుతుంది. "సీసాకు రెండు దార్లుండాల అనేటోడు మా నాయన. ఒకటి సోడాకు, ఒకటి గాలికి," అని చెప్పి రంధ్రాన్ని తమలపాకు ఆకారంలో కోయించారు. వెడల్పు వైపు నుంచి మజ్జిగ దిగేది, సన్నటి కొస నుంచి గాలి పోయేది. గ్లాసులోకి వంచితే చుక్క చిందేది కాదు. అయినా నాలుక మాత్రం నా వేళ్ళలో జారుతూనే ఉంది.

అట్లా నెలలు గడిచాక ఒకరోజు విసుగొచ్చి అన్నాను: "ఇంత నున్నగా చేస్తే ఎట్ల సారూ? పలకను మరీ నున్నగా రుద్దితే మా మేస్త్రి తిట్టేటోడు. బలపం జారతది, అక్షరం పడదు. కొంచెం గరుకు ఉంచాల."

ఆయన కత్తెర ఆగింది. "ఇంకోసారి చెప్పు."

"పలకకు గరుకుండాల అంటున్నా."

రెండు వారాలకు కొత్త నాలుకలు వచ్చాయి. బొటనవేలంత వెడల్పు, దాని మీద రుద్దని పలకలాగా సన్నటి గరుకు. ఒక్క లాగుకు వచ్చేసింది. నేను కేకేశాను. సారు నవ్వలేదు, ఇంకో ఇరవై డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టారు. ఒక్కొక్కటే తెరిచాను, తడి చేత్తో, నూనె చేత్తో. అన్నీ అయ్యాక మెల్లిగా అన్నారు: "ఇప్పుడు అనొచ్చు అక్కా, సులువని." ఆ మాట వాడడానికి ఆయనకు అన్ని నెలలు పట్టింది.

పట్నంలోని ఆఫీసువాళ్ళకు ఆ నాలుక నచ్చలేదు. రేకు ఎక్కువ పడుతుందన్నారు. పొట్టిదీ నున్ననిదీ ఒకటి వాళ్ళే పంపారు. సారు ఊరెళ్ళిన రోజు చూసి మేనేజరు మా ఆడవాళ్ళను ఐదుగురిని వరసగా నిలబెట్టి ఆ పొట్టి నాలుక డబ్బాలు ఇచ్చాడు. ఒక్కరికీ తెరుచుకోలేదు. "సరే, సరే, వచ్చినట్టుగా వేలిముద్రలేయండి," అన్నాడు. హాజరు కాగితమనుకుని వేశాం. నేనూ వేశాను.

మర్నాడు సారు ఆ కాగితం నకలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఐదు ముద్రల్లో ఒకదానికి గీతలు లేవు, మరకే ఉంది. దాన్ని చూపించి అడిగారు.

"ఇది నీ వేలేనా అక్కా?"

"నాదే. ఏం సారూ?"

"ఏమని రాసుందో తెలుసా?"

"హాజరు."

"'సులువుగా తెరుచుకున్నది' అని రాసుంది. మన నాలుకను పట్నంవాళ్ళు వద్దని కొట్టేసినారు. పొట్టిదానికి ఇదే సాక్ష్యం."

తెరుచుకోలేదని నా పండ్లకు తెలుసు, నా వేళ్ళకు తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. "నన్నెవురూ అడగలా సారూ, నేనట్ల అనలా," అని ఏడ్చాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "వేలు నీది, మాట వాళ్ళది," అన్నారు, అంతే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ అన్నారు: "పట్నం నుంచి మనిషిని రమ్మని, నా ముందర ఇంకోసారి చూడమని రాస్తా. వాళ్ళొచ్చే లోపల నువ్వు చదవడం నేర్చుకోవాల."

"ఈ వయసులోనా? కాటికి పోతా అక్షరాలు దిద్దమంటావా?"

"కాటికి పోయేలోపు ఇంకా ఎన్ని కాగితాలొస్తాయో! అన్నిటికీ వేలేస్తావా?"

బలపం పట్టించింది ఆయనే. పలక నేనే తెచ్చుకున్నాను, మా ఇంట్లో అదొక్కటే కరువు లేనిది. అందరూ 'అ'తో మొదలుపెడితే సారు నన్ను 'సులువు'తో మొదలుపెట్టించారు. సు, లు, వు. మూడు అక్షరాలు, మూడింటికీ కొమ్ములు. రాయలేక తిట్టాను: "మూడు కొమ్ములున్నది సులువెట్లయితది సారూ? ఇది పొడిచే గొడ్డు." అప్పుడు నవ్వారు, కళ్ళలో నీళ్ళొచ్చేటట్టు నవ్వారు. "సరిగ్గా పట్టినావు. ఈ మాట ఎక్కడ కనపడినా ఎవురికి సులువని అడుగు. అడక్కపోతే పొడుస్తది," అన్నారు. తర్వాత 'తెరుచుకోలేదు' నేర్పించారు. అది రావడానికి నాకు నెల పట్టింది.

పట్నం నుంచి మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మాట. మళ్ళీ ఐదుగురం, మళ్ళీ పొట్టి నాలుకలు. సారు గోడ దగ్గర నిలబడ్డారు. ఎవరికీ తెరుచుకోలేదు. నా డబ్బా నాలుక తెగి చేతికొచ్చింది, మొన్న దోర్నాలలో వచ్చినట్టే. మేనేజరు కాగితమూ సిరా డబ్బీ తెచ్చాడు. మిగతా నలుగురూ వేళ్ళు అద్దారు. వాళ్ళను నేను తప్పుపట్టను. పని పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారని అందరికీ భయమే, నాకూ భయమే. నా వంతు వచ్చింది.

"వేలెయ్యమ్మా, టైమవుతోంది," అన్నాడు మేనేజరు.

"చదవనీ సార్."

"నువ్వేంటి, చదివేదేంటి?"

చదివాను. పైకే చదివాను, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం. సు... లు... వు... గా. అట్లా చదువుతుంటే ఎంతసేపు పట్టిందో గానీ, పట్నం ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. పెన్ను అడిగాను. ఎవరూ ఇవ్వలేదు. మేనేజరు జేబులోది నేనే తీసుకుని 'తెరుచుకోలేదు' అని రాసి, కింద 'ఓబులమ్మ' అని పెట్టాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, కాగితం సగం నిండింది. "అయ్యా, నీ చెయ్యి తడుపుకుని నువ్వొకటి తెరువు, చూద్దాం," అన్నాను పట్నం ఆయనతో. ఆయన తెరవలేదు. నా చేతుల వైపు చూసి, మేనేజరుతో మెల్లిగా అన్నాడు: "నలుగురికి తెరుచుకుంది కదా. ఈమె చేతులు బాగాలేవు. తీసేయండి."

ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. బాగాలేని చేతులట! ఈ చేతులు రుద్దిన పలక మీద ఆయనా ఎప్పుడో దిద్దుకునే ఉంటాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న సారు ముందుకొచ్చారు. "బాగాలేని చేతుల కోసమే గదండీ సీలు చేసేది," అన్నారు. "బాగున్న చేతులు కుట్టేసిన గోనెసంచి మూతినైనా తెరుస్తాయి." నా కాగితం చింపలేదు, లెక్కలోకీ తీసుకోలేదు. ఆ వారమే పొట్టి నాలుక మెషిను ఎక్కింది. సారు తన బల్ల తాళంచెవి మేనేజరు ముందు పెట్టి గిద్దలూరు వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి నన్నూ పనికి పిలవలేదు.

ఆయన పక్షవాతం వచ్చి మంచాన పడ్డారని విని ఒకసారి గిద్దలూరు వెళ్ళాను. సోడా అంగడి లేదు, దాని వెనక గదిలోనే ఉన్నారు. కుడిచేయి పడిపోయింది. ఎవరో చూడటానికి వచ్చినవాళ్ళు పెట్టిపోయిన రసం డబ్బా తలగడ దగ్గర ఉంది. దాని రేకు నాలుగు చోట్ల గీకి ఉంది, తెరుచుకోలేదు. జీవితమంతా సీళ్ళు గీసిన మనిషి ఎడమచేత్తో దాంతో పెనుగులాడి వదిలేశారు. నాకు ఆ డబ్బాను గోడకేసి కొట్టాలనిపించింది. పంటితో కొరికి, గ్లాసులో పోసి తాగించాను. మాట ముద్దగా వస్తోంది ఆయనకు. అయినా డబ్బా మీది అచ్చును ఎడమచేతి వేలితో చూపించి అడిగారు: "ఎవురికి అక్కా?"

తర్వాత నాలుగు నెలలకు ఆయన పోయారు.

ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉంది. బ్యాంకులో, ఆఫీసుల్లో, "వేలెయ్యి అవ్వా, సులువైపోతది," అంటారు. మెషిను మీద నా వేలు పడదు, పడదని తెలిసి విసుక్కుంటారు. కాగితమియ్యి, చదివి సంతకం పెడతానంటాను. వెనక లైను సణుగుతుంది. సణగనీ. నా చదువు ఇప్పటికీ నిదానమే.

దోర్నాలలో బస్సు ఇంకా రాలేదు. అంగడాయనను పెన్ను అడిగాను. ఖాళీ డబ్బా మోకాలి మీద పెట్టుకుని, ఆ పచ్చటి అచ్చు కింద 'తెరుచుకోలేదు' అని రాసి, 'ఓబులమ్మ' అని పెట్టి, ఆయన బల్ల మీద నిలబెట్టాను.

"ఇదేంది పెద్దమ్మా?"

"కంపెనీ బండి వచ్చినప్పుడు ఇయ్యి నాయనా."

"వాళ్ళు చదవరులే."

"నేను మాత్రం పుట్టంగానే చదివినానా?" అన్నాను. "నేర్చుకోమని చెప్పు."