వెనక బెంచీలో వాక్యం

పెద్దాయనకి చెల్లెలి చేతులు చూస్తే ఒళ్ళు మండేది. ఆయన సంఘపెద్ద. పైగా ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించేదీ ఆయనే. జనం వైపు తిరిగి కూర్చుంటాడు కాబట్టి, పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకోగానే వెనక బెంచీలో ఆ రెండు చేతులు లేవడం అందరికంటే ముందు ఆయనకే కనిపించేది. వేళ్ళు ముడుచుకునేవి, విచ్చుకునేవి, గుండె దాకా వెళ్ళి గాల్లోకి లేచేవి. ఆవిడ కూతురు పాస్టరుగారికి వీపు పెట్టి, తల్లికెదురుగా కూర్చుని, రెప్పవేయకుండా వాటినే చూసేది. పిల్లలు వెనక్కి తిరిగి కిసుక్కున నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు గానీ వాళ్ళ చూపూ వెనక్కే పోయేది.

భర్త పోయాక చెల్లెల్ని తెచ్చి తన మేడ మీద గదిలో పెట్టుకున్నది ఆయనే. ఆ మాట ఎవరి దగ్గరా దాచుకోలేదు. ఆయనకి బజార్లో కళ్ళద్దాల షాపుంది. ఆవిడ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోత మెషిన్ మీద పనిచేసి, ఒళ్ళంతా అట్టపొడితో ఇంటికొచ్చేది. కూతురికి నడక వచ్చే వయసులో జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది, వినికిడి పోయింది. పెద్దాయన ఊరుకోలేదు. స్వస్థత కూటాలు పెట్టే ఒక ప్రసంగీకుణ్ణి ఇంటికి పిలిపించాడు. అతను పిల్ల తల గట్టిగా పట్టుకుని చెవిలో కేకలు పెట్టాడు. పిల్ల బెదిరిపోయి అతని మణికట్టు కొరికింది. చుట్టాలందరి ముందూ పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది.

చెల్లెలు పిల్లని చంకనేసుకుని మెట్ల మీద ఆగింది.

"దీని చెవుల కోసం ఇంకెవరూ ప్రార్థన చేయకండి. చేసేదుంటే నా ఓర్పు కోసం చేయండి," అంది.

ఓర్పు ఆవిడకి నిజంగానే తక్కువ. మాట పెళుసు, మనిషి మొండి. వదినతో పొయ్యి దగ్గర, పాస్టరుగారితో వరండాలో, ఎక్కడపడితే అక్కడ ముఖం మీదే అనేసేది. అనేసి, మళ్ళీ వెళ్ళి పక్కన కూర్చునేది.

ఫ్యాక్టరీలో జిగురు పూసే చోట పుట్టుకతో వినపడని ఒకాయన ఉండేవాడు. మాటా లేదు. అందరూ జిగురాయన అనేవాళ్ళు. ఆయనా ఆయన భార్యా చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే చెల్లెలు వెళ్ళి వాళ్ళ పక్కన చేరి ఆ భాష నేర్చుకుంది. పనికీ, నీళ్ళకీ, కోపానికీ, రేపటికీ సంజ్ఞలున్నాయి. కృపకి లేదు, క్షమాపణకి లేదు. వాళ్ళని ఎవరూ చర్చికి పిలిచిన పాపాన పోలేదు మరి.

ఆ మాటలు ఆవిడే వాళ్ళతో కూర్చుని కల్పించింది. ఒకరోజు వంటింట్లో వదినకి చూపిస్తుంటే పెద్దాయన కంటా పడింది. క్షమాపణ అంటే ముందు ఛాతీ దగ్గర పిడికిలి బిగించాలి. తర్వాత దాన్ని నేలవైపు తిప్పి, పట్టుకున్నదేదో జారి పడిపోయినట్టు మెల్లిగా విప్పాలి. వదినకి ముచ్చటేసి తనూ చేసి చూసింది. పెద్దాయన పేపరు మడిచి, వాక్యమంటే ఆటవస్తువు కాదని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి జిగురాయన దంపతులు చర్చికొచ్చారు. వాళ్ళ వెంట ఒక టైలరు, ఇస్త్రీ పనిచేసే అక్కచెల్లెళ్ళు, ఇంకా ఎవరెవరో. వెనక బెంచీ నిండిపోయి దాని ముందుదీ నిండింది. కీర్తన పాడేటప్పుడు వాళ్ళూ గొంతెత్తేవాళ్ళు. తమ గొంతు తమకి వినపడదు గనక అది పాటతో కలవక ఎటో పోయేది. శ్రుతి మీదే ప్రాణం పెట్టుకున్న పెద్దాయనకి హార్మోనియం మెట్ల మీద వేళ్ళు బిగుసుకుపోయేవి. సంఘం మీటింగులో ఒకరు పిల్లల ధ్యాస పోతోందన్నారు, ఇంకొకరు ఇది చర్చా, నాటకశాలా అన్నారు. పాస్టరుగారు మెత్తని మనిషి. ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తలూపాడు.

చర్చికి కొత్త హాలు కట్టారు. దాని ప్రతిష్ఠకి బిషప్‌గారు వస్తున్నారు. పాటల బృందానికి పెద్దాయన నెలల తరబడి తర్ఫీదిచ్చాడు. ముందురోజు చెల్లెల్ని కిందికి పిలిచాడు.

"చూడమ్మా, రేపొక్కరోజు మీవాళ్ళని రావద్దను. పెద్దలొస్తున్నారు."

"మావాళ్ళేంటి అన్నయ్యా? సంఘంవాళ్ళు కారా?"

"వినపడనివాళ్ళు ప్రసంగానికొచ్చి ఏం చేస్తారే? వాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు."

"చూసుకోమనే నన్ను పెట్టాడేమో," అని ఆవిడ మేడెక్కేసింది.

మర్నాడు వాళ్ళంతా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. పెద్దాయన గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నవ్వుతూనే, సీట్లు లేవన్నాడు. లోపల సీట్లున్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. జిగురాయన ఆ చేతిని చూసి పక్కకి తిరిగాడు. చర్చి పక్కగోడ కిటికీల కింద, మెట్ల మీద, ఎండలో కూర్చున్నారు. చెల్లెలు బయటే కిటికీ దగ్గర నిలబడి, లోపలి మాట వింటూ వాళ్ళకి చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. బిషప్‌గారి చూపు రెండుసార్లు అటు పోయింది. పెద్దాయన హార్మోనియం వదిలి లేచాడు. ఒక్కో కిటికీ రెక్కా లాగి, గడియ పెట్టాడు.

కిటికీలకి అద్దాలున్నాయి. చెల్లెలికి మాట వినపడడం ఆగిపోయింది గానీ, ఆయనకి ఆవిడ కనిపిస్తూనే ఉంది. బయట కూర్చున్న అందరి కళ్ళూ ఆవిడ చేతుల మీదున్నాయి. ఆవిడ చేతులు కిందికి వేలాడుతున్నాయి. కాసేపటికి కుడిచెయ్యి లేచింది. ఛాతీ దగ్గర పిడికిలి బిగిసింది. నేలవైపు తిరిగింది. విచ్చుకోలేదు. ఆవిడ దానివంకే చూసుకుని, అబద్ధం ఆడలేనన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఎదురుగా జిగురాయన కూడా లేచి తన పిడికిలి బిగించి చూపించాడు. తర్వాత మిగతావాళ్ళూ. పెద్దాయనకి ఆ భాషలో తెలిసిన మాట అదొక్కటే. గబగబా వచ్చి కూర్చుని, తర్వాతి కీర్తన తప్పు స్వరంలో ఎత్తుకున్నాడు. ఆ తప్పు కూడా చెల్లెలి ఖాతాలోనే వేసుకున్నాడు.

ఆ వారమే గది ఖాళీ చేయమన్నాడు. సంఘం ఆవిడ సభ్యత్వం తీసేసింది. కారణం అవిధేయత. ఆవిడ వీధి చివర సైకిల్ రిపేరు షాపు పైన గది అద్దెకి తీసుకుంది. ఆదివారాలు ఆ గుంపంతా అక్కడే కూడేది. అడుగుల చప్పుడుకీ, ఆ గొంతులకీ కింద షాపువాడు కసురుకునేవాడు. పక్కింటివాళ్ళు మెట్ల మీద చెత్త పోసేవాళ్ళు. ఆవిడ ఊడ్చేది, ఊడుస్తూ వాళ్ళకి వినపడేలా నాలుగు మాటలూ అనేది. ఫ్యాక్టరీ అయ్యాక, వినపడని పిల్లలున్న ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగేది. పిచ్చివాళ్ళని గదిలో పెట్టి గొళ్ళెం వేసిన పిల్లలుండేవాళ్ళు. ఆ తల్లిదండ్రులు ముఖం మీదే తలుపేస్తే మళ్ళీ మరుసటి వారం వెళ్ళి తట్టేది. ఇవన్నీ షాపుకొచ్చేవాళ్ళ నోట వింటూ పెద్దాయన పళ్ళు నూరేవాడు. ఊరి గుమ్మాలన్నీ ఎక్కి తన పరువు తీస్తోందని ఆయన బాధ.

ఒకసారి వేరే ఊరినుంచి ఇద్దరు భార్యాభర్తలు కళ్ళద్దాలకి వచ్చారు. ఇద్దరికీ వినపడదు. ఫ్రేములు చూస్తూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే పెద్దాయన చూపు వాళ్ళ చేతుల మీద పడింది. కొన్ని మాటలకి ఇద్దరూ ఉంగరం వేలు సగానికి మడిచి ఉంచుతున్నారు. చెల్లెలి ఉంగరం వేలు ఎప్పుడో కోత మెషిన్‌లో నలిగి, మళ్ళీ చాపడానికి రాలేదు. వీళ్ళ వేళ్ళకి ఏ దెబ్బా లేదు. ఎవరు నేర్పారని కాగితం మీద రాసి అడిగాడు. తమ ఊళ్ళో ఒక పంతులమ్మ నేర్పిందని, ఆవిడకి ఇంకెవరో నేర్పారని రాశారు. వేలు అలా మడవడం ఆ మాటల్లో భాగం కాదంటే నమ్మేలా లేరు. నేర్పిన చెయ్యి ఎవరిదో పెద్దాయన వాళ్ళకి చెప్పలేదు. ఆ సాయంత్రం షాపు తొందరగా కట్టేశాడు. ఇంట్లో అన్నం చల్లగా ఉందని భార్య మీద విరుచుకుపడ్డాడు.

అట్టపొడి చెల్లెలి ఊపిరితిత్తుల్లో పేరుకుంది. మంచాన పడ్డాక వదిన రోజూ ఆ మెట్లెక్కి వెళ్ళేది. పెద్దాయన వెళ్ళలేదు. ఆవిడా కబురు పెట్టలేదు. పోయిందని తెలిసినప్పుడు సమాధి కార్యక్రమం చర్చిలో కుదరదన్నాడు. భార్య ఆయన ఎదుట నిలబడింది.

"ఈ ఒక్కటీ జరగకపోతే నేను మీ ఇంట్లో ఉండనండి," అంది. గొంతు పెంచలేదు. అందుకే ఆయన భయపడ్డాడు.

చర్చి నిండిపోయింది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. పాస్టరుగారు నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాక, కూతురు లేచి శవపేటిక పక్కన నిలబడి చేతులెత్తింది. చాలాసేపు మాట్లాడింది. వచ్చినవాళ్ళు ఒకచోట భుజాలు కదిలేలా నవ్వారు, ఒకచోట కళ్ళు తుడుచుకున్నారు. వినపడేవాళ్ళంతా బిక్కముఖాలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళకి అర్థం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పెద్దాయన ఉండబట్టలేక, ఏమంటోందని పక్కనున్న జిగురాయనకి సైగ చేశాడు. ముసలి జిగురాయన ఆయన్ని ఎగాదిగా చూసి, వేలెత్తి వెనక బెంచీలో ఆవిడ కూర్చునే చోటు చూపించాడు.

తర్వాత సంవత్సరం బిషప్‌గారు మళ్ళీ వచ్చారు. ఏదో ఊళ్ళో వినపడనివాళ్ళ సంఘం చూశారట, దాని మూలం ఇక్కడేనని విన్నారట. మన సహోదరి చేసిన సేవ అని ప్రసంగంలో మెచ్చుకున్నారు. అంతే, సంఘం కమిటీకి చెల్లెలు గుర్తొచ్చింది. ఆవిడ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టాలన్నారు. కుటుంబం తరఫున అనుమతి తెమ్మని పెద్దాయన్నే పంపారు.

ఫొటో ఫ్రేము చంకన పెట్టుకుని ఆయన మొదటిసారి సైకిల్ షాపు పైకి మెట్లెక్కాడు. మేనకోడలు పిల్లలకి చేతులతో పాఠం చెబుతోంది. మేనమామని చూసి లేవలేదు, కుర్చీ చూపించలేదు. ఆయన వచ్చిన పని కాగితం మీద రాసిచ్చాడు. ఆమె చదివి, ఒక అట్టముక్క తీసుకుని, నొక్కి నొక్కి రాసింది. 'మా అమ్మని బయట నిలబెట్టింది మేమేనని ముందు అందరి ముందూ చెప్పండి. తర్వాత గోడకి మేకు కొట్టుకోండి.'

పెద్దాయన ముఖం కందగడ్డలా అయింది. అట్టముక్క జేబులో కుక్కుకుని దిగిపోయాడు. కమిటీకి ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. చర్చిలో ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు. ఫొటో ఆయన బీరువా మీద గోడవైపు తిరిగి ఉంది. ఆదివారం ఆయన హార్మోనియం పెట్టె తెరిచే వేళకి భార్య చెప్పులేసుకుని వీధి చివరికి నడుస్తుంది. ఎక్కడికని ఆయన అడగడు. పైన గది చాలక, ఇప్పుడు మెట్ల మీద కూడా చాపలు పరుస్తున్నారు.