ఆ మూలమలుపు దగ్గర ఆగే బస్సు

"బాపు పోయిండన్నా" అని కండక్టర్ మామ బిడ్డ సిరిసిల్ల నుంచి ఫోన్ చేసింది. సొంత మామ కాదు, మా గల్లీలో పక్కింటాయన. నేనివాళ తలెత్తుకుని తిరుగుతున్నానంటే ఆయన వల్లే.

మామది సిరిసిల్ల–కోరుట్ల బస్సు. నక్సలైట్ అన్నల కోసం పోలీసులు బస్సులాపి వెతికే రోజులవి. మాసిన గడ్డం, రబ్బరు చెప్పులు, భుజాన సంచి కనబడితే చాలు, దింపేవాళ్లు. రుద్రంగి దాటాక మూలమలుపు దగ్గర ఒకసారి, కిటికీ పక్కన కూర్చున్న నీలి అంగి పిల్లగాణ్ణి దింపి, "రైట్ చెప్పు" అన్నారట. మామ విజిల్ ఊదాడు. ఆ పిల్లగాడు మళ్లీ ఎవరికీ కనబడలేదు.

"వాని పేరన్న అడుగకపోతిని రా" అనేవాడు మామ. అప్పటి నుంచి టికెట్ ఇస్తూ అందరి పేర్లూ అడిగి రాసుకునేవాడు. బడిలో హాజరు తీసినట్టుందని మేం ఆటపట్టించేవాళ్లం. ఆ మలుపు దగ్గర మాత్రం ఎవరూ చెయ్యెత్తకున్నా బస్సు ఆపించి, తలుపు తెరిచి, ఎవరో ఎక్కుతున్నట్టు పక్కకు జరిగేవాడు. అప్పుడు ఎవరమూ నవ్వేవాళ్లం కాదు.

మగ్గాలు ఆగిపోయిన ఏడాది, దుబాయ్ ఏజెంటును కలవడానికి మామ బస్సులోనే కోరుట్ల బయల్దేరాను. నన్నూ అక్కడే దింపారు. కేసు పడితే పాస్‌పోర్టు రాదు, ఇంట్లో పొయ్యి వెలగదు. మామ నా వెనకే దిగి నోటుబుక్కు తెరిచాడు.

"గీ పిలగాన్ని ఎందుకు దింపిండ్రు సార్? రాసుకుంట."

"మొఖం చూస్తె తెలుస్తలేదా?"

"కారణం, మొఖం" అని రాసి, బస్సంతా వినబడేలా చదివాడు. "మీ పేరు గిట చెప్పుండ్రి సార్. గప్పటిదాక రైట్ చెప్ప."

కిటికీల్లోంచి అందరూ తొంగిచూస్తున్నారు. పోలీసాయన మొహం తిప్పుకుని పొమ్మన్నాడు.

ఫోన్ రాగానే ఊరొచ్చాను. మూడోనాడు మామకిష్టమైనవి వండి, కాకి ముట్టాలని పిట్టకు పెట్టాం. ఎంతసేపు చూసినా ఒక్క కాకీ రాలేదు. "బిడ్డను మంచిగ చూసుకుంట, ముట్టు" అని అత్త బతిమాలింది. రాలేదు. నాకెందుకో తట్టి, "మామా, గా నీలి అంగి పిలగాని కోసం ఇగ నేను చూస్త" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక కాకి ముద్ద ఎత్తుకుపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు కోరుట్ల బస్సెక్కాను. రుద్రంగి దాటాక, ఆ మలుపు దగ్గర బస్సు ఆగింది. "ఎవరో చెయ్యెత్తిండ్రు" అన్నాడు డ్రైవర్. బయట ఎవరూ లేరు. తలుపు తెరుచుకుని, మూసుకుంది.

నేను కిటికీ పక్క నుంచి ఇవతలికి జరిగి, ఖాళీ సీటు వైపు తిరిగి మెల్లగా అడిగాను.

"నీ పేరేంది తమ్మీ?"