మూయడం మరిచిన కొటేషన్

కర్నూలులో మా ఆఫీసు పక్కనే ఇల్లు కడుతున్నారు. కిటికీ తీస్తే చాలు, తడి సిమెంటు వాసన గుప్పున కొడుతుంది. ఆ వాసనకు ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది, వెంటనే ఎస్తేరు మేడం గుర్తొస్తుంది. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆమె లారీల విభాగానికి ఇన్‌చార్జి, నాకు మొదటి బాస్. డ్రైవర్లు ఆఫీసు మాటను లెక్కచేసేవారు కాదు, గేటు కాపలా మస్తానయ్య అరిస్తే మాత్రం ఆగేవారు. అందుకే వాళ్ల ఫోన్లకు పంపే ప్రతి హెచ్చరికలోనూ మస్తానయ్య మాటను కొటేషన్లలో ఉన్నదున్నట్టు పెట్టించేది మేడం. నాకది వట్టి చాదస్తంగా తోచేది.

ఒక మధ్యాహ్నం, రెండో గేటు మీదుగా ఎత్తున రాయి మోసుకుపోయే బెల్టు ఒక పక్కకు ఒరిగింది. దాని కింద లారీల వరస. మెసేజీలు పంపే స్క్రీను సరిగ్గా అప్పుడే మొరాయించింది. ఇక కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే పైథాన్ అనే కోడ్ భాష తెరిచి, చేత్తో టైపు చేసి పంపాల్సిందే. మెసేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదీ అందులో కొటేషన్లే చెబుతాయి. మెసేజీ చుట్టూ జంట కొటేషన్లు పెట్టాను, లోపల "బెల్టు కిందికి రావద్దండప్పా" అన్న మస్తానయ్య మాటకూ అవే పెట్టాను. అతని మాట మొదలవగానే మెసేజీ ముగిసిందనుకుని కంప్యూటర్ తప్పు చూపించింది. కంగారులో ఈసారి మూడేసి కొటేషన్లతో తెరిచి, మూయడం మరిచాను. ఎంటర్ నొక్కినప్పుడల్లా మూడు చుక్కలు వచ్చి, ఇంకా చెప్పు అన్నట్టు కూర్చున్నాయి. ఎవరైనా పోతే ఆ పాపం నాదే అనిపించింది.

"మస్తానయ్యా, పరిగెత్తి ముందున్నోళ్లని దించప్పా," అని ఫోనులో చెప్పి మేడం నా పక్కన కూర్చుంది. "వెనకాల శానామంది ఉండారు, వాళ్లకు మెసేజీ పోవాల. అది ఆపేసి మళ్లా మొదలుపెట్టు పాపా. బయట ఒంటి కొటేషన్, లోపల జంట కొటేషన్. పెద్ద గిన్నెకు పెద్ద మూత, చిన్నదానికి చిన్నది. నోటితో చెప్పుకుంటా కొట్టు."

"తెరిచినా... లోపలిది తెరిచినా... లోపలిది మూసినా... మూసినా," అంటూ కొట్టాను. మెసేజీ పోయింది. లారీలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. కాసేపటికి బెల్టు కూలింది. డ్రైవరు దిగిపోయిన ఒక లారీ మాత్రం దాని కింద నలిగింది.

అప్పుడు మేడం తన ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నెంబరు నొక్కి, మూడోసారి కలిపింది. "దిగినావా? నిజంగా దిగినావా? యాడుండావు, మాట్లాడు," అంటూ నేల మీద కూలబడి ఏడ్చేసింది. ఆ లారీ ఆమె భర్త నడిపేదని అప్పుడే తెలిసింది నాకు. నా పక్కన కూర్చుని మూతల గురించి చెబుతున్నంతసేపూ, ఆయన లారీ బెల్టు కిందే ఉందని ఆమెకు తెలుసు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనే పని నేర్పుతున్నాను. ఏదైనా తలకిందులైతే నాకు ఈనాటికీ కాళ్లూ చేతులూ ఆడవు. అయినా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాను. పని అయ్యేదాకా నా భయాన్ని నా దగ్గరే పెట్టుకుంటాను.