కండక్టర్ మామ యాపిల్ వంటలు

మా కింది వాటాలో ఉండే మామ పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. నేను ఆఫీసులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాయన పోయినాడు. నువ్వు యాడుండావు?" అంది. పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఇంటి ఓనరమ్మ ఏదో అడగడానికి వచ్చి, పిలిస్తే పలకకపోవడంతో చూసిందట. వాళ్ళమ్మాయి ఉండేది ఊరికి దూరంగా, అత్తిబెలెలో. "నేను వచ్చేదానికి టైమ్ పడతాది. నువ్వు పోయి నాయన పక్కన కూచో అక్కా" అంది. ఒకప్పుడు నాలుగు నెలలు నా మొహం చూడని అమ్మాయి, ఆ రోజు బంధువులకంటే ముందు నాకు ఫోన్ చేసింది. ఆ నాలుగు నెలల సంగతి కూడా ఇందులో చెప్పాలి. దాచి రాస్తే మామ గురించి సగమే రాసినట్టవుతుంది.

ఆయన సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. తాతల నాడే అనంతపురం వైపు నుంచి వచ్చి చిక్కపేట చీరల కొట్లలో పనికి కుదిరిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బస్సులో ఎవరు ఏది మాట్లాడితే అది. ఆయన గురించి మీరు వినివుండరు. నాకు వంట నేర్పిన మనిషి కాబట్టి నేను రాస్తున్నాను. వంటంటే అన్ని వంటలూ కాదు. యాపిల్ పళ్ళతో ఏమేం చేసుకోవచ్చో అవే.

నేను ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి, బొమ్మనహళ్ళిలో ఆ ఇంటి మేడమీద వాటా తీసుకున్న మొదటి నెలలోనే ఒక సాయంత్రం ఆయన తలుపు కొట్టారు.

"మిక్సీ స్వల్ప ఇస్తావామ్మా? మాది కాలిపోయింది. ఇంట్లో ఆమెకు తినిపించే టైమ్ అయింది."

"ఉంది అంకుల్, కానీ ఇంకా ఓపెన్ చెయ్యలేదు" అన్నాను. అమ్మ కొనిచ్చిన మిక్సీ అట్టపెట్టెలోనే ఉంది. నేను వంట చేసుకునేదాన్ని కాదు.

"అట్లైతే నేనే ఓపెనింగ్ చేస్తాలే" అని ఆయన పెట్టె చంకలో పెట్టుకున్నారు. వెళ్ళబోతూ నా లాప్‌టాప్ పక్కనున్న పళ్ళెం చూశారు. అందులో నాలుగు ముక్కలుగా కోసిన యాపిల్ ఉంది, అంచులు అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి.

"ఇదేనా నీ భోజనం?"

"అవునంకుల్. హెల్తీ కదా."

"హెల్తీనే. కానీ ఆ పండును అట్ల చంపొద్దప్పా. కోసినాక స్వల్ప ఉప్పు నీళ్ళలో వేసి తీ, నల్లబడేదిల్ల. ఇంకోటి, అంకుల్ అంటే ఎవురో బస్సులో పిలిచినట్ల ఉండాది. మామా అను."

మర్నాడు మిక్సీ శుభ్రంగా కడిగి తెచ్చిచ్చారు. దానితోపాటు ఒక స్టీలు గిన్నె. నానబెట్టిన పెసరపప్పులో యాపిల్ సన్నగా తరిగి, నిమ్మరసం, కొబ్బరి, పచ్చిమిర్చి వేసి ఆవాల పోపు పెట్టిన కోసంబరి అది. నేను నిలబడే గిన్నె ఖాళీ చేశాను. గిన్నె ఇచ్చేయడానికి కిందికి వెళ్ళినప్పుడు మామ భార్యను, అత్తను, మొదటిసారి చూశాను.

అత్తకు అప్పటికి మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట సరిగా రాదు, మింగడం కష్టం. అన్నీ మెత్తగా ముద్దలా చేసి పెట్టమన్నారు డాక్టర్లు. రాగి గంజి పెడితే మొహం తిప్పుకునేదట, అన్నం గుజ్జు చేసి పెడితే నోట్లోనే ఉంచుకునేదట. మారాం చేయకుండా మింగింది ఒక్క ఉడికించిన యాపిల్ గుజ్జునే. అప్పటిదాకా టీ కూడా పెట్టడం రాని మామ ఆ ఒక్క పండు పట్టుకుని వంటింట్లోకి దిగారు. పొద్దున యాలకుల పొడి, కాస్త బెల్లం. మధ్యాహ్నం ఉప్పు, మిరియాలు, జీలకర్ర వేసి చారులాగా. సాయంత్రం పెరుగు కలిపి పచ్చడి. పండగ వస్తే గుజ్జులో బొంబాయి రవ్వ, నెయ్యి వేసి పల్చటి కేసరి.

"దినానికి మూడు రుచులెందుకు మామా, మింగితే చాలదా?" అని అడిగానొకసారి.

"నాలిక తిరగదంతే గదమ్మా. రుచి తెలియకుండా యాడ పోయింది?" అన్నారు.

ఆదివారాలు నేను ఆ వంటింట్లో చేరడం అలా మొదలైంది. తోపుడుబండి దగ్గర పండు ఎలా ఏరాలో ఆయనే చూపించారు. వేలి కణుపుతో కొట్టి వినేవారు. గట్టిగా పలికితే కొరుక్కు తినడానికి, బోలుగా పలికితే హల్వాకు. మెరిసే విదేశీ పళ్ళ మీద మైనం ఉంటుందని గోరువెచ్చటి నీళ్ళలో రుద్ది కడిగించేవారు. నేను గరిటె ఎక్కువ తిప్పితే "హోల్డాన్, హోల్డాన్" అని అరిచేవారు. కుక్కరు కూత పూర్తి కాగానే "రైట్, రైట్!" అత్తకు ఆ అరుపులంటే సరదా. మంచం మీంచే ఎడమ చెయ్యి ఎత్తి బస్సు ఆపుతున్నట్టు చూపించేది.

ఒకసారి నేను మరుగుతున్న పాలలో తురిమిన యాపిల్ వేసేశాను. పాలు విరిగిపోయాయి. పారబోయబోతే మామ నా చెయ్యి పట్టుకున్నారు. "ఇరిగితే ఇరిగింది. పాయసం కాలేదు, అంతే గదా. ఇప్పుడది ఇంకో స్వీటు." చక్కెర వేసి, నీరంతా ఇగిరేదాకా కలియబెట్టించారు. కోవాలాగా పలుకులు పలుకులుగా తేలింది. తురుమును ముందు నేతిలో వేయించి, దాన్నీ పాలనూ చల్లారనిచ్చి కలపాలని తర్వాత చెప్పారు. ముందే చెప్పొచ్చుగా అంటే, "పాడు చేసినాక చెప్తే మరిచిపోవు" అన్నారు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి.

చిక్కపేటలో మామ వాళ్ళ అన్నగారింట్లో ఏదో శుభకార్యం. నాకు ఇంటి నుంచే పని కాబట్టి, రెండు గంటలు అత్త దగ్గర కూర్చుంటావా అని మామ అడిగారు. అత్తకు తినిపించాల్సిందంతా తినిపించే వెళ్ళారు. నేను లాప్‌టాప్ పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. నాలుగింటికి ఆకలేసి ఒక యాపిల్ కోసుకున్నాను. ఒక ముక్క కొరికేసరికి అత్త తల నావైపు తిప్పింది.

"కర... కర..." అంది.

నాకు అర్థం కాలేదు. కర్ర కావాలా అన్నాను, కర్చీఫా అన్నాను. కాదని తల ఊపింది. ఎడమ చేత్తో నా బుగ్గ చూపించి, తన బుగ్గ చూపించింది. "కరకర" అంది ఈసారి స్పష్టంగా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెట్టకూడదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. కాగితమంత పల్చగా కోసి, బాగున్న వైపు పళ్ళ మధ్య పెట్టాను. ఆవిడ కొరికింది. ఆ చప్పుడు నాకు వినపడింది. ఆవిడకూ వినపడినట్టుంది, మొహంలో కదిలే సగమంతా నవ్వు పరుచుకుంది. ఇంకొకటి పెట్టాను. రెండోది గొంతులో అడ్డం పడింది.

మొహం నల్లబడిపోయింది. ముందుకు వంచి వీపు మీద కొట్టాను, మళ్ళీ మళ్ళీ కొట్టాను. ముక్క బయటపడింది కానీ దగ్గు ఆగలేదు. మామకు ఫోన్ చేసి ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఆయన ఆటోలో వచ్చి, అదే ఆటోలో అత్తను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లోకి ఏదో దిగి జ్వరం పట్టుకుంది. ఆరు రోజులు ఉంచుకున్నారు.

వాళ్ళమ్మాయి అత్తిబెలె నుంచి వచ్చి వార్డు బయట నన్ను నిలదీసింది. "మా అమ్మను సంపేదానికి వచ్చినావా? చదువుకున్నదానివి, నీకంత తెలీదా?" ఆ తర్వాత నాలుగు నెలలు ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

మామ ఆ రోజంతా వార్డులోనే ఉన్నారు. మర్నాడు సాయంత్రం వార్డు బయట బెంచీ మీద నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"నాదే తప్పు మామా" అన్నాను.

"తప్పే. కాదనేదిల్ల. మళ్ళా ఎప్పుడూ అట్ల చెయ్యొద్దు." తర్వాత అడిగారు: "కరిచిందా?"

"ఆ."

"సద్దు వచ్చిందా?"

"వచ్చింది మామా."

"నగిందా?"

ఆయన అడిగేది అత్త నవ్విందా అని. నవ్విందని చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"మూడేండ్ల నుంచి మెత్తగా ఉండాదా లేదా అని చూస్తావుంటి. కరిచేది ఒకటుండాదని నేనే మరిచిపోతి."

ఆసుపత్రిలో మింగడం నేర్పించే అమ్మాయి ఒకామె ఉండేది. అత్తకు నెమ్మదించాక మామ ఆమెను వదల్లేదు. కరిచే దారి ఏదైనా ఉంటే చెప్పమని రోజూ అడిగారు. ఆమె పరీక్షలు చేసి, చివరికి ఒక పద్ధతి చూపించింది. తడిపిన పల్చటి తెల్లబట్టలో యాపిల్ ముక్క పెట్టి మూటలా గట్టిగా కట్టాలి. మూట పళ్ళ మధ్య ఉంటుంది, బట్ట కొస మన చేతిలో ఉంటుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, కాసేపే. నమిలితే చప్పుడూ రుచీ దక్కుతాయి, ముక్క మాత్రం లోపలికి పోదు. ఆమె ఎదురుగా మామ పదిసార్లు చేసి చూపించాకే ఇంట్లో చేయడానికి ఒప్పుకుంది.

ఆ తర్వాత ప్రతిరోజూ నాలుగింటికి మామ అత్తకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవారు. బట్ట కొస ఆయన చేతిలో, మూట ఆవిడ నోట్లో. రెండో చేత్తో తనూ ఒక ముక్క తీసుకుని, ఆవిడ నమిలినప్పుడే నమిలేవారు. కరకరమన్న చప్పుడొక్కటే. నేను రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. మరో ఏడాదికి అత్త జ్వరంతో పోయింది. అప్పటికి వాళ్ళమ్మాయి నాతో మాట్లాడుతోంది. ఒకరోజు నాలుగింటికి ఇంట్లో ఉండి వాళ్ళిద్దరినీ చూసిందట. ఆ రోజే మేడమీదికి వచ్చి, "అక్కా, కాఫీ తాగుతువు రా" అని పిలిచింది.

అత్త పోయాక మామ పళ్ళు కొనడం మానేశారు. బండివాడు పిలిస్తే చెయ్యి ఊపి వెళ్ళిపోయేవారు. అన్నం, చారు, అంతే. రెండు నెలలు చూసి, నేనే ఒక ఆదివారం యాపిల్ హల్వా చేసి కిందికి తీసుకెళ్ళాను. అది బాగా రాలేదని నాకు తెలుసు. ఆయన ఒక చెంచా తిన్నారు.

"చక్కెర జాస్తి. నెయ్యి కమ్మి. యాలకులు యేసి సంపినావు" అన్నారు. గిన్నె పూర్తిగా తిన్నారు. మరుసటి ఆదివారం పొద్దున్నే కింద నుంచి కేక: "రాప్పా! బండి వచ్చుండాది!"

ఆ రోజు యాపిల్‌ను చక్రాల్లా కోసి, పిండిలో ముంచి, నూనెలో వేయించి పాకంలో వేశాం. జిలేబీలాగే ఉంది కానీ కొరికితే లోపల పుల్లగా, వేడిగా పండు. వీధిలో సగం ఇళ్ళకు పంచారు. ఆఫీసుకు నేను చిప్స్ ప్యాకెట్లు తీసుకెళ్తున్నానని తెలిసి, ఉప్పు నీళ్ళలో ముంచి తీసిన ముక్కలు ఒక డబ్బాలో, వేయించిన వేరుశెనగ కారప్పొడి ఇంకో డబ్బాలో పెట్టివ్వడం మొదలుపెట్టారు. అద్దుకుని తినాలి. మా టీమ్‌లో అందరికీ అలవాటైంది. వాళ్ళకు మామ ఎవరో తెలియదు. డబ్బా రాని రోజున మాత్రం అడిగేవాళ్ళు.

నేను వంట నేర్చుకున్నానని చెప్పలేను. పప్పు ఇప్పటికీ ఒక్కోరోజు మాడుతుంది. కానీ ఎదుటి మనిషికి ఏం పెట్టాలో అనుకునే ముందు, వాళ్ళకు ఏం తినాలని ఉందో అడగాలని మాత్రం నేర్చుకున్నాను. అడగాలని ఆయనకు తట్టింది నా తప్పువల్ల. నాకు తెలిసింది ఆయనవల్ల. ఆ తప్పును ఆయన ఏనాడూ ఎత్తి చూపలేదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఓనరమ్మ వాళ్ళు ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. వాళ్ళమ్మాయి వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి చిక్కపేట నుంచి బంధువులు వచ్చారు. చీకటి పడకముందే అన్నీ అయిపోయాయి.

బుధవారం ఇల్లు కడిగాక వాళ్ళమ్మాయి, "మిద్దె మీద దుప్పట్లు ఆరేసుండాము, తెస్తావా అక్కా?" అంటే పైకి వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు పక్కన, ఎండ తగిలేచోట, ఒక పెద్ద స్టీలు పళ్ళెం ఉంది. మీద నైలాన్ వల, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. వల ఎత్తి చూశాను. యాపిల్ ముక్కలు, వరసగా, ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఉన్నాయి. మంగళవారం పొద్దున, పేపరు పట్టుకుని కూర్చునే ముందే మామ ఎండబెట్టి ఉంటారు. పైన ఉప్పూ కారమూ చల్లి ఉంది. అంచులు ఎండి పైకి లేచాయి. ఒకటి తీసి చూస్తే అడుగువైపు ఇంకా తడిగా ఉంది.

అక్కడే గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాను. పళ్ళేనికి అంటుకున్నవాటిని గోటితో లేపాను. కింద నుంచి వాళ్ళమ్మాయి "అక్కా" అని పిలిచింది. వస్తున్నానని చెప్పాను. ఇంకా రెండు వరసలున్నాయి.