ముద్ర వాడిదే

మా ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఒక బిస్కెట్ తినాలన్నా చేతులకు తొడుగులు వేసుకోవాలి. మా ఆయన అక్క, అంటే మా వదిన, రిటైరయ్యేదాకా పోలీసుల వేలిముద్రల ఆఫీసులో పని చేసింది. ఇప్పటికీ గ్లాసును అంచు పట్టుకునే ఎత్తుతుంది. ఫ్రిజ్ తలుపును ఓరగా చూసి, "పొద్దున ఎవరో నూనె చేత్తో తీశారు" అంటుంది. ఎవరో ఏమిటి, నా మొహం, నేనే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా "నువ్వే" అనదు. "ముద్ర ఎవరిదో చెప్తాను. తప్పు ఎవరిదో చెప్పడం నా పని కాదు" అంటుంది. ఈ మాట విని విని నా చెవులు తూట్లు పడ్డాయి.

ఆఫీసులో ఆవిణ్ణి భూతద్దం మేడమ్ అనేవారట. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండిపోయింది. అద్దం ముక్క మీదో సీసా మూత మీదో దొరికిన మసక మరకను ఫొటో తీసి ముందు పెడితే, గీతలు ఎక్కడ చీలాయో, ఎక్కడ ఆగిపోయాయో చూస్తూ పూటలకు పూటలు కూర్చునేది. పైవాళ్లు ఎంత తొందరపెట్టినా, ముద్ర కలవలేదంటే కలవలేదంతే. ఇంటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా వాచిపోయి ఉండేవి. తడిగుడ్డ వేసుకుని పడుకునేది.

మా మరిది సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచి ఏం లాభం. ఇంటికి చిన్నవాడు, గారాబం ఎక్కువ. ఏ పనిలోనూ నిలిచేవాడు కాదు. ఒకసారి, ఎవరో పెద్దాయన ఒంటరిగా ఉంటున్న ఇంట్లో దొంగ పడ్డాడు. ఆయన లేచి అడ్డం వెళ్తే దొంగ తోసేశాడు. తలకు గోడ అంచు తగిలి ఆయన ఆస్పత్రిలో పోయాడు. కిటికీ అద్దం మీద ఒకే ఒక్క ముద్ర దొరికింది, ఎడమ బొటనవేలిది. ఆఫీసులో ఉన్న పాత ముద్రల్లో దేనితోనూ అది కలవలేదు. కేసు మూలన పడాల్సిందే.

ఆ ఫొటో తిరిగి తిరిగి మా వదిన టేబుల్ మీదికి వచ్చింది. గీతలకు అడ్డంగా, ఏటవాలుగా ఒక మచ్చ. చిన్నప్పుడు మరిది రేకు డబ్బా మూతతో వేలు కోసుకుంటే కట్టు కట్టింది ఆవిడే. భూతద్దం అక్కర్లేకపోయింది. నేరుగా పై అధికారి గదిలోకి వెళ్లి, "సార్, ఇది మా తమ్ముడిదిలా ఉంది. ఈ కేసు నేను చూడకూడదు, ఇంకొకరికి ఇవ్వండి" అని చెప్పిందట. ఆ రోజు ఆవిడ నోరు మూసుకుని ఉంటే మరిది ఇంట్లోనే ఉండేవాడు. ఆ పెద్దాయన్ని ఎవరు చంపారో ఎవరికీ తెలిసేది కాదు.

వేరేవాళ్లు చూశారు, ముద్ర కలిసింది. కోర్టులో మరిది "నేను కాదు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పలేదు. శిక్ష పడ్డ రోజు మా అత్తగారు కూతుర్ని నిలదీసి అడిగింది. "నీ తమ్ముడే చేశాడంటావా?"

"ముద్ర వాడిదే అమ్మా."

"నేనడిగింది అది కాదు!"

"నేను చెప్పగలిగింది అదే."

అంతే. మా అత్తగారు మళ్లీ ఆవిడతో మాట్లాడితే ఒట్టు. ఒకే గదిలో ఉండి, "మాత్ర ఎక్కడ పెట్టిందో అడుగు" అని నాతో అనేది. నేను అడగాలి, నేనే జవాబు చెప్పాలి. నా ఉద్యోగం ఆస్పత్రి కౌంటర్లో. పొద్దంతా జనంతో వేగి ఇంటికొస్తే ఇక్కడ ఈ రాయబారం. తల ప్రాణం తోకకొచ్చేదనుకోండి. ఇరుగుపొరుగుతో మాత్రం "నా కొడుకు బంగారం, వాడు చెయ్యలేదు" అని మా అత్తగారిది ఒకటే పాట. మంచం పట్టాక ఒళ్లు తుడిచింది, బట్టలు మార్చింది అంతా మా వదినే. తుడుస్తున్నంతసేపూ మా అత్తగారు మొహం గోడవైపు తిప్పుకునేది. అలాగే పోయింది.

శిక్ష అయిపోయి మరిది తిరిగొచ్చాడు. జుట్టు నెరిసిపోయింది, చంకలో బైబిలు. జైల్లో మారాడట. రావడంతోనే మా చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. "నేను పాపిని, దేవుడు నన్ను నీతిమంతుడిగా తీర్చాడు" అన్నాడు. ఏ పాపమో, ఎవరు చనిపోయారో ఆ ఊసే లేదు. అందరూ స్తోత్రమన్నారు. మా వదినకు ఒళ్లు మండిపోయింది.

అప్పట్నుంచి మరిది ముందు గదిలో, వదిన తన గదిలో, నేనూ మా ఆయనా బల్ల దగ్గర. మూడు చోట్ల వడ్డన. నేనేమైనా హోటల్ పెట్టుకున్నానా? ఒకరోజు ఉండబట్టలేక, ఇలా ఎన్నాళ్లని ఆవిణ్ణి అడిగేశాను. మా వదిన కళ్లు మూసుకునే చెప్పింది. "అలిసిపోయానమ్మాయ్. వాడు నా ఎదురుగా నిలబడి నిజం చెప్పాలి. లేదంటే నేనే ఏదో ఒక ఆశ్రమంలో చేరిపోతాను." ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. ఆ ఇంట్లో నా కష్టం తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ పాస్టరు గారిని పట్టుకుంది. పాపం ఆయన ప్రసంగం చేసి గొంతు పోయి, వేడినీళ్లు తాగుతూ బెంచీ మీద కూలబడి ఉన్నాడు.

"పాస్టరు గారూ, ఒకడి ముద్ర ఇంకొకడి పేరు మీద రాస్తే మా ఆఫీసులో ఉద్యోగం ఊడుతుంది. మా తమ్ముడి పాపం క్రీస్తు పేరు మీద రాసి, ఆయన నీతి మా వాడి పేరు మీద రాస్తే అది న్యాయమా?"

"ఊడుతుందమ్మా. క్రీస్తుకైతే ప్రాణమే పోయింది" అన్నాడాయన. "దేవుడు సాక్ష్యాన్ని చెరిపెయ్యలేదు. ముద్ర ఇతనిదే, తప్పూ ఇతనిదే అన్నాకే ఆ శిక్ష తన మీద వేసుకున్నాడు. నీతిమంతుడన్న ఆ తీర్పు దోషికే దొరుకుతుంది. నేనేం చెయ్యలేదనేవాడికి దానితో పనేముంది?"

"మరి చనిపోయినాయనకు ఒక కూతురుంది. ఆవిడకేం చెప్తారు?"

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "దానికి నా దగ్గర జవాబు లేదమ్మా."

"పోనీ, మా వాడు ఒప్పుకున్నాడా? అదీ లేదుగా!"

"మీ దగ్గర ఒప్పుకోలేదు" అన్నాడాయన మెల్లగా. "అంటే నా దగ్గర తప్ప" అని మా వదిన విసురుగా బయటికి నడిచింది.

ఇంటికి రాగానే పెట్టె తీసి మంచం మీద పెట్టి చీరలు సర్దడం మొదలుపెట్టింది. నేను బతిమాలుతున్నాను, మా ఆయన తలుపు దగ్గర దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు మరిది.

"నువ్వు వెళ్లకక్కా. వెళ్తే నేను వెళ్లాలి." ఎడమచెయ్యి ముందుకు చాపాడు. "ముద్ర నాదని కోర్టు చెప్పింది. తప్పు నాదని నేను చెప్తున్నా. ఆ పెద్దాయన్ని తోసింది నేనే."

మా వదిన చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదురా?"

"ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. మొదటి ములాఖత్‌లోనే అమ్మకు చెప్పేశాను."

"అమ్మకు తెలుసా? తెలిసి కూడా నాతో మాట్లాడలేదా? నా మాట నమ్మలేదేమో అనుకున్నానురా! ఎప్పటికైనా నమ్ముతుందని, చచ్చేదాకా ఎదురుచూశాను."

"నమ్మిందక్కా. నువ్వు చెప్పిన రోజే నమ్మింది. చివరిసారి వచ్చినప్పుడు ఏడ్చింది. 'నువ్వు తప్పు చేశావు, నిన్ను క్షమించగలిగాను. అది ఏ తప్పూ చెయ్యలేదు, దాన్నెలా క్షమించనురా?' అంది."

మా వదిన మంచం మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తమ్ముడి చెయ్యి లాక్కుని ఆ మచ్చను వేలితో తడిమింది. "లోతుగా తెగింది. కుట్లు వేయించాల్సింది. చిన్న గాయమేలే అని నేనే కట్టేశాను. కుట్లు వేయిస్తే ఇంత మచ్చ పడేది కాదు" అంది.

కాసేపటికి లేచి, "అందరికీ ఒక్కచోటే వడ్డించు, నువ్వు మాత్రం ఎంతకని తిరుగుతావు" అంది నాతో.

భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ ఆవిడదే. ఆ రోజు బల్ల దగ్గర కూర్చుని, "నా వల్ల కాదు, నువ్వు చెయ్యి" అంది తమ్ముడితో. వాడు తల వంచుకుని, "నా చేతిలో చనిపోయిన ఆ పెద్దాయన కూతుర్ని ఆదరించు ప్రభువా. ఆవిడ ముందుకు వెళ్లే ధైర్యం నాకియ్యి" అన్నాడు.

"నేనూ వస్తాను" అంది మా వదిన కళ్లు తెరవకుండానే. ఆమేన్ చెప్పడం అందరం మర్చిపోయాం. కూరలన్నీ చల్లారిపోయాయి. మళ్లీ వేడి చేసే ఓపిక నాకు లేదు. అలాగే తిన్నాం, నలుగురం.